మండపీత ధర మనమే చెప్పాలి



కోరంగి నుంచి నాగాయలంక దాకా మడ అడవుల్లో మోకాటిలోతు బురదలో దిగి మండపీతను పట్టేది ఎవరు? మనమూ, యానాదులూ. ధర చెప్పేది ఎవరు? షావుకారు.

పెంకు విడిచిన పీత మెత్తగా ఉంటుంది. కండ తక్కువ, నీళ్లెక్కువ. దాన్ని చవగ్గా అమ్ముకుంటున్నాం. కొన్నవాడు మూడు నాలుగు వారాలు ఉప్పునీటిలో ఉంచి చిల్లర చేపలు మేపుతాడు. పెంకు గట్టిపడుద్ది, కండ నిండుద్ది, ధర పెరుగుద్ది. ఆ పని మనకు రాదా? పీతను పీత తింటది గనక ఒక్కోదానికి ఒక్కో గూడు కావాలి. ఏట్లోనే పెట్టెలు కట్టుకోవచ్చు, చెరువు అక్కర్లేదు. చిన్నపీతను వదిలేద్దాం.

చెరువంటే జాగ్రత్త. రొయ్యల చెరువులొచ్చినప్పుడూ అభివృద్ధి అన్నారు. మంచినీళ్ల బావులు ఉప్పుతేలాయి. 1996లో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువులు తీసెయ్యమంది. 2005లో చట్టం తెచ్చి మళ్లీ దారి ఇచ్చారు. పీత పేరుతో మడ నరికితే పీతే ఉండదు.

2006 అటవీ హక్కుల చట్టం అడవి నీళ్లలోని చేపల మీదా సముదాయానికి హక్కుందంటుంది. గిరిజనులు కాని మనల్ని 75 ఏళ్ల రుజువు అడుగుతుంది. ముసలివాళ్ల మాట రాయించండి, అదీ రుజువే. గ్రామసభలో పెట్టండి.

పెట్టె మనది, కాటా మనది, ధరా మనమే చెబుదాం!