ఆకాశయానము - దూలము లెక్క



నాటకమున నారదుడు మేఘములనుండి దిగివచ్చుట చూచి మనము చప్పట్లు కొట్టుదుము. ఆ మాయ వెనుకనున్న బలాబలముల లెక్కను నేడు విన్నవించెదను.

ఇట్టి దృశ్యములకు పేరెన్నికగన్న సురభి నాటకసమాజము మన కడపసీమయందే 1885లో పుట్టినది. తోలుబొమ్మలాట కుటుంబమువారు సురభి గ్రామమున కీచకవధ నాడుటతో అది మొదలైనది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’యందు లీలావతి పాత్ర ధరించినది సురభి కమలాబాయి. రంగస్థలమున మోకులు, గిలకలు చేయు పనినే చలనచిత్రములందు ఉక్కుతీగలు, క్రేనులు చేయుచున్నవి. సాధనములు మారినను లెక్క మారలేదు.

బావి గిలకను తలచుకొనుడు. 20 కిలోల కడవను తోడునపుడు కడవ బరువు 20, మన చేయి క్రిందికి లాగు బలము 20, వెరసి 40 కిలోలు గిలకను మోయు దూలముపై పడును. అట్లే 60 కిలోల నారదుని నిలిపిన దూలము 120 కిలోలు మోయవలెను. నటుని బరువొక్కటే చూచువాడు సగము లెక్కయే చేసినవాడు. మోకును తటాలున లాగినను, దింపునపుడు చటుక్కున ఆపినను భారము ఇంకను హెచ్చును.

రెండు మోకులు కట్టిన చెరిసగమే కదా యందురు. అవి నిట్టనిలువుగ నున్నపుడే అది నిజము. ఇరుప్రక్కలకును ఏటవాలై, నేలమట్టముతో 30 డిగ్రీల కోణము చేయునపుడు ఒక్కొక్క మోకుపై పూర్తిగా 60 కిలోల లాగుడు కలుగును.

లాగువాని శ్రమ తగ్గుటకు మోకు రెండవకొసను ఎదురుబరువు కట్టుదురు. మా మంగంపేట ముగ్గురాయి నీటికంటె నాలుగురెట్లకు మించిన బరువు గలది; సామాన్యపు రాయి రెండున్నర రెట్లకు కొంచెము హెచ్చు. కావున ముగ్గురాతితో చిన్నపెట్టెలోనే పెద్దబరువు ఇముడును. ఐనను ఎదురుబరువు దూలపు భారమును తగ్గింపదు. నటుడు నేలకు దిగి మోకు విప్పుటకు ముందు దానిని బిగించి కట్టవలెను. లేనిచో అది క్రింద నిలిచినవారిపై పడును.

గ్రామపెద్దలారా, తిరునాళ్లకు పందిరి వేయించువారు మీరే. మనుష్యుని మోయు మోకు ఆ బరువునకు పదిరెట్లు తాళునదై యుండవలెనని ఈ వృత్తివారి నియమము. బాలకృష్ణుని వేషము ధరించిన పసివానిని పైకెత్తకముందు, వానికి రెట్టింపు బరువుగల ఇసుకబస్తాను కట్టి, ఎత్తి దింపి చూపుమని అడుగుడు. దూలము వంగినను, ముడి జారినను ఆ దృశ్యమును మానిపింపుడు. కృష్ణుడు నడచి వచ్చినను కథ చెడదు. పిల్లవాడు పడినచో ఊరి పండుగయే చెడును.