శాసనసభలలో విద్యార్థి సేవకులు
(మంసాపురమున తెలుగు కుటుంబముల సభలో చేసిన ప్రసంగము)



నేడు నేను ముచ్చటింపదలచినది మన దేశమున లేని యొక పదవిని గూర్చి. అది జీతమువలన గాని అధికారమువలన గాని గొప్పది కాదు. అయినను దానిని గూర్చి మనము తెలిసికొనుట అవసరమని తలంచుచున్నాను. ఏలయన, ఇంట నొక భాష, వీధిలో నొక భాష మాటలాడుచు పెరుగు మన బిడ్డలకు ఆ పని మిక్కిలి తగియున్నది.

ఆ పదవికి ఆంగ్లమున ‘పేజ్’ అని పేరు. పేజ్ అనగా ఇచట పుస్తకపు పుట కాదు. పూర్వము ఐరోపా రాజాస్థానములలో ప్రభువుల చెంత నిలిచి వారి పనులు చక్కబెట్టు బాలుని అట్లు పిలిచెడివారు. రాజుల ప్రాభవము పోయినది; ప్రజాప్రతినిధుల సభలు వచ్చినవి; పేరు మాత్రము నిలిచినది. అమెరికా, కెనడా దేశముల శాసనసభలలో సభ్యులకు కాగితములందించుచు, సందేశములు చేరవేయుచు సేవచేయు విద్యార్థులను నేడును ఆ పేరుతోనే పిలుచుచున్నారు. మనము వారిని విద్యార్థి సేవకులందము.

అమెరికా సెనేటులో 1829వ సంవత్సరమున తొమ్మిదేండ్ల బాలుడొకడు మొదట ఈ పనికి నియమింపబడెను. ఇప్పుడు పదునారు, పదునేడేండ్ల వయస్సుగల ఉన్నత పాఠశాల విద్యార్థులనే తీసికొనుచున్నారు. వారికి తెల్లవారుజాముననే పాఠములు మొదలగును. చదువు ముగిసిన పిదప సభకు పోయి, ప్రసంగించు సభ్యుని యెదుట బల్ల అమర్చుట, మంచినీరు పెట్టుట, బిల్లులను, సవరణలను అధికారి బల్లకు చేర్చుట మున్నగు పనులు చేయవలెను. సభ రాత్రి వరకు సాగినచో వారును నిలువవలసినదే.

ఈ అవకాశము అందరికి ఒక్కసారిగా దొరకలేదు. సెనేటులో నల్లజాతి విద్యార్థి మొదటిసారి ప్రవేశించినది 1965లో. బాలికలకు తలుపులు తెరచినది 1971లో. ప్రజాస్వామ్యమునకు పుట్టినిల్లనిపించుకొనువారి యింట సైతము నీళ్లగ్లాసు అందించు పనిలో సమానత్వము వచ్చుటకు నూటనలువదేండ్లు పట్టినదన్న మాట మనవంటి అల్పసంఖ్యాకులు గుర్తుంచుకొనదగినది.

ఈ చిన్న పనివలన నేమి లాభమని మీరు అడుగవచ్చును. జాన్ డింగెల్ అను నతడు బాల్యమున ప్రతినిధుల సభలో సేవకుడుగా నుండెను. 1941 డిసెంబరు 8వ తేదీన, జపాను దాడి జరిగిన మరునాడు, అధ్యక్షుడు రూజ్వెల్టు చేసిన యుద్ధప్రసంగమును ఆ బాలుడు సభలో నుండియే వినెను. అతడే 1955లో సభ్యుడై, 2015 వరకు, అనగా అమెరికా కాంగ్రెసు చరిత్రలో మరెవ్వరును ఉండనంత కాలము, సభలో నుండెను. మఱియొక సంగతి. 1954 మార్చి 1వ తేదీన ప్రేక్షకుల గ్యాలరీనుండి కొందరు తుపాకులు కాల్చగా ఐదుగురు సభ్యులు గాయపడిరి. అప్పుడు గాయపడినవారిని మోసికొనిపోయిన వారిలో విద్యార్థి సేవకులు కలరు. వారిలో ఇరువురు, బిల్ ఎమర్సన్, పాల్ కంజోర్స్కీ, అనంతర కాలమున ఆ సభకే సభ్యులుగా ఎన్నికైరి.

ఇక మనకు దగ్గరి ఉదాహరణము కెనడా. అచట ఇంగ్లీషు, ఫ్రెంచి రెండును అధికార భాషలు. 1978లో ప్రారంభమైన పద్ధతి ననుసరించి కామన్సు సభలో విశ్వవిద్యాలయపు మొదటి సంవత్సరపు విద్యార్థులు నలువదిమంది పనిచేయుదురు. వారికి రెండు భాషలును వచ్చితీరవలెను. ఇంగ్లీషు సభ్యునకు ఇంగ్లీషున, ఫ్రెంచి సభ్యునకు ఫ్రెంచిలో బదులు చెప్పవలెను. రెండు భాషలు తెలియుట అచట అదనపు అలంకారము కాదు. ఉద్యోగమునకు మొదటి అర్హత.

రెండవ నియమము నిష్పక్షపాతము. సేవకునకు సొంత అభిప్రాయము ఉండవచ్చును గాని సభలో దానిని చూపరాదు. 2011 జూన్ 3వ తేదీన కెనడా సెనేటులో ప్రభుత్వ విధాన ప్రసంగము జరుగుచుండగా, సేవకురాలుగా నున్న యొక యువతి ప్రధానమంత్రికి వ్యతిరేకముగా వ్రాసిన అట్టను ఎత్తి పట్టుకొనెను. ఆమెను వెంటనే పనినుండి తొలగించిరి. ఆమె ధైర్యమును మెచ్చినవారును కలరు. కాని నా మట్టుకు నేను సభవైపే నిలుతును. ఎదుటి పక్షమువాని చీటిని సైతము తడవు చేయక, విప్పి చూడక అందించునన్న నమ్మకము పోయినచో ఆ పదవియే నిలువదు.

అదే సంవత్సరము ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ తన విద్యార్థి సేవక వ్యవస్థను రద్దు చేసెను. సంవత్సరమునకు 50 లక్షల డాలర్లకు మించిన వ్యయమగుచున్నదనియు, విద్యుత్సందేశములు వచ్చిన తరువాత కాగితములు మోయువారి అవసరము తగ్గినదనియు కారణములు చెప్పిరి. లెక్క సరియైనదే. కాని యంత్రము కాగితమును మోయగలదు గాని సభామర్యాదను నేర్వజాలదు. సెనేటు తన విద్యార్థులను అట్లే ఉంచుకొన్నది. మేరీలాండు రాష్ట్ర శాసనసభయు తొంబది దినముల సమావేశకాలమున ఉన్నత పాఠశాల కడపటి తరగతివారిని రెండేసి వారములు పనిలో నుంచుకొనుచున్నది. హైదరాబాదులో జన్మించిన అరుణా మిల్లరు ఆ సభలో సభ్యురాలుగా నుండి, 2023 జనవరిలో ఆ రాష్ట్రపు ఉపగవర్నరైరి.

మన దేశమున ఈ పనులను జీతగాండ్రైన సభా పరిచారకులు చేయుదురు. విద్యార్థులకై 1962లో బొంబాయిలో జరిగిన అఖిలభారత విప్పుల సమావేశము యువజన పార్లమెంటును సిఫారసు చేయగా, 1966-67 నుండి ఢిల్లీ పాఠశాలలలో ఆ పోటీలు మొదలైనవి. అది మంచిదే. కాని అందు బిడ్డలందరు మంత్రులు, సభ్యులు కాగోరుదురు, మాటలాడుట నేర్తురు. ఇతరుల మాటను చెడకుండ చేరవేయుట అచట నేర్పబడదు.

మన పొరుగు రాజపాళయమున జన్మించిన కుమారస్వామిరాజాగారు 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్ర ప్రభుత్వమును నడపిరి. ఆనాటి శాసనసభలో తమిళులు, తెలుగువారు, మలయాళులు, కన్నడిగులు కలసి కూర్చుండిరి. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో భాషా రాష్ట్రములు ఏర్పడిన పిదప ఆ కాలము ముగిసినది. అయినను రాజ్యాంగపు 210వ అధికరణము, సభా వ్యవహార భాషలలో తన భావమును చక్కగా చెప్పజాలని సభ్యుడు మాతృభాషలో ప్రసంగించుటకు సభాపతి అనుమతి నీయవచ్చునని చెప్పుచున్నది. పార్లమెంటునకు 120వ అధికరణము అట్టిదే. 2024 జూన్‌లో కృష్ణగిరినుండి ఎన్నికైన గోపీనాథుగారు లోక్‌సభలో తెలుగున ప్రమాణము చేసిరి. మన భాషకు తలుపు మూయబడలేదు. దానిలో అడుగు పెట్టు బిడ్డలు సిద్ధముగా నున్నారా యనునదే ప్రశ్న.

ఒక్క మాట నిష్ఠురముగా చెప్పుదును, మన్నింపుడు. మన బిడ్డలలో పలువురు తెలుగు మాటలాడుదురు గాని చదువజాలరు. చీటిపై తెలుగున వ్రాసిన పేరును చదువలేని బిడ్డ ఆ చీటిని ఎవరికి అందించును? కెనడాలో ఉద్యోగము నిచ్చు గుణము మన యింట సగమే మిగిలియున్నది. తమిళమున మన పిల్లలు ఎవ్వరికిని తీసిపోరు. అది మనకు గర్వకారణము. రెండవ భాషకు లిపి కూడ నేర్పితిమా, వారు రెండు వాకిళ్లలోను నిస్సంకోచముగా నడచెదరు.

కావున రెండు సూచనలు చేయుచున్నాను. మొదటిది, మన సంఘపు సర్వసభ్య సమావేశములలో ప్రతిసారి ఒక బాలుని, ఒక బాలికను సేవకులుగా నియమింతము. తీర్మానముల ప్రతులు, ప్రశ్నల చీటీలు వారే అధ్యక్షులకు చేర్చవలెను. చీటీలు తమిళమున, తెలుగున రెంటను ఉండవలెను. ఏ పక్షము చీటియైనను విప్పరాదు, ఆలస్యము చేయరాదు. రెండవది, మన రాష్ట్ర శాసనసభ సమావేశకాలమున కొలది దినములైనను ఉన్నత పాఠశాల విద్యార్థులను ఈ విధముగా తీసికొనుమని సభాపతిగారికి మహజరు పంపుదము. ఇది తెలుగువారికి మాత్రమే కోరు వరము కాదు. అన్ని జిల్లాల, అన్ని భాషల బిడ్డలకు కోరునది. అందరికొరకు అడిగిన కోరికకు బలము హెచ్చు.

మా బిడ్డ నలుగురికి నీళ్లందించుటయా యని సంకోచించు తల్లిదండ్రులకు ఒక్క మనవి. పెండ్లి పందిటిలో వడ్డించు చేతిని మనము చిన్నచూపు చూడము. ఎవరికి ముందు, ఎవరికి వెనుక, ఎవరి విస్తరిలో నేమి కొరవడినదో ఆ చేతికే తెలియును. సభయందును అంతే. రేపు వడ్డించుకొనవలసిన విందు మన బిడ్డలదే కనుక, నేడు వారిని పందిటిలోనికి రానిండు.