అప్పుకు సిగ్గుపడొద్దు, లెక్క అడుగుదాం

(జంగారెడ్డిగూడెంలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పు మనకు కొత్త కాదు. పొగాకు వేలం డబ్బు చేతికొచ్చేదాకా అప్పు మీదే నడిచే ఇళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళితే మనం మొదట అడిగేది "ఎన్ని రూపాయల వడ్డీ?" అని. క్రెడిట్ కార్డు చేతికొచ్చినప్పుడు మాత్రం ఆ మాట అడగడం మరచిపోయాం.

ఇప్పుడు అడుగుదాం. చాలా కార్డుల మీద బాకీ మిగిలితే నెలకు మూడు, మూడున్నర రూపాయల వడ్డీ పడుతుంది. అంటే ఏడాదికి 36 నుంచి 42 శాతం. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం.

ఒక ఇంట్లో కార్డు బాకీ 50,000 రూపాయలు ఉందనుకోండి. మూడున్నర రూపాయల లెక్కన నెల వడ్డీ 1,750, జీఎస్టీ 315. "కనీసం 2,500 కడితే చాలు" అని బిల్లులో ఉంటుంది. ఆమె కూరల్లో నూనె తగ్గించి, పిల్లాడి చెప్పులు వాయిదా వేసి 2,500 కడుతుంది. అసలులో తగ్గేది 435 రూపాయలే. కార్డు వాడటం పూర్తిగా మానేసి, నెలనెలా తప్పకుండా 2,500 కట్టినా తీరడానికి 44 నెలలు పడుతుంది. బాకీతో పాటు ఆ కనీస మొత్తమూ తగ్గుతూ వస్తుంది. అదొక్కటే కడుతూ పోతే ఇంకా ఎన్నో ఏళ్ళు. పాత బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ.

అదే 50,000 పొదుపు సంఘం నుంచి రూపాయి వడ్డీకి తీసుకుని కార్డు బాకీ తీర్చేస్తే? నెలకు అదే 2,500 కడితే 23 నెలల్లో తీరిపోతుంది. ఆమె సంపాదన పెరగలేదు, వడ్డీ మారింది, అంతే. అయితే సంఘానికి నిజం చెప్పి తీసుకోవాలి. కార్డు మూయించాలి. లేకపోతే ఒక అప్పు రెండవుతుంది, భారం తోటి సభ్యుల మీద పడుతుంది.

ఇంటికి వెళ్ళి ఒక కాగితం తీసుకోండి. ఉన్న అప్పులన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన ఎన్ని రూపాయల వడ్డీయో రాయండి. అన్నిటికీ కట్టాల్సిన వాయిదా కట్టి, మిగిలిన ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ అప్పు మీదికే పోవాలి. అది తీరాక రెండోది. ఈ కాగితం భర్తకు తెలియకుండా దాచొద్దు. ఆయన అప్పులూ అందులో రాయించండి. మన సంతకం లేని ఆయన కార్డు బాకీకి మనం సొంతంగా బాధ్యులం కాము. కానీ మన కార్డు మీద ఇంట్లోవాళ్ళకు అదనపు కార్డు ఇప్పిస్తే, వాళ్ళు వాడిందంతా మన బాకీయే.

కట్టలేకపోతే ఏమవుతుందన్న భయం అందరిదీ. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యలు మనం చూశాం. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ వేధింపులు ఆనుకుని నిలిచింది మన సిగ్గు మీదే. వాకిట్లో నిలబడి నలుగురికీ వినిపించేలా అరిస్తే చాలు, తాళి తాకట్టు పెట్టయినా కడతామని వాళ్ళకు తెలుసు.

నిజంగా చేతకాక కార్డు బాకీ కట్టలేకపోవడం నేరం కాదు. బ్యాంకు కోర్టుకు వెళ్ళవచ్చు. ఏజెంటు మనల్ని తిట్టకూడదు, బంధువుల ముందు పరువు తీయకూడదు. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత చేయకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసిపెట్టుకుని ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, న్యాయం జరగకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

చేసిన అప్పు తీర్చొద్దని నేను చెప్పడం లేదు. తీర్చాల్సిందే. కానీ తలవంచుకుని కాదు, లెక్క చూసుకుని తీర్చాలి. వచ్చే సమావేశానికి ఆ కాగితం తీసుకురండి. అందరం కూర్చుని చూద్దాం.