మోకాలి ఆపరేషన్: మత్తు సంగతి ముందే అడగండి

నేను డాక్టర్ని కాదు, సైట్ సూపర్‌వైజర్ని. టైల్స్ పనిలో మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనవాళ్ల కోసం నాలుగు మాటలు.

మోకాలి మార్పిడికి ఆసుపత్రిలో అడ్మిట్ చేస్తేనే డబ్బు కడతామన్న నిబంధనను మెడికేర్ 2018లో తీసేసింది. ఇప్పుడు చాలామందిని ఆరోజే ఇంటికి పంపేస్తున్నారు. ఆరోజే లేచి నడవాలి కాబట్టి ఏ మత్తు ఇస్తారన్నది ముఖ్యం.

మొదటిది వెన్నులో సూది. నడుము కింద మొద్దుబారుతుంది. నిద్రమందు కూడా ఇస్తారు, సుత్తి చప్పుడుకు భయపడక్కర్లేదు. వాంతులు తక్కువ. కానీ బీపీ పడిపోవచ్చు, ఒంటేలు ఆలస్యం కావచ్చు. ఎక్కువసేపు పనిచేసే మందైతే లేవడమూ ఆలస్యమే. "ఆ సూదితో జన్మంతా నడుంనొప్పే" అంటారు మనవాళ్లు. గుచ్చినచోట కొద్దిరోజులు నొప్పి ఉండొచ్చు, జన్మంతా అన్నది ఉత్త భయం.

రెండోది పూర్తి మత్తు. కాళ్లలో కదలిక త్వరగా వస్తుంది. వాంతులు, గొంతునొప్పి ఎక్కువ. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు ఇదే నయం కావచ్చు.

ఏదైనా సరే, నొప్పి తగ్గడానికి తొడ నరం దగ్గర ఇంకో సూది వేస్తారు. గజ్జల్లో వేస్తే కాలు పట్టు తప్పి పడిపోవచ్చు. తొడ మధ్యలో వేసే అడక్టర్ కెనాల్ బ్లాక్‌తో బలం చాలావరకు నిలుస్తుంది.

అందుకే మత్తు డాక్టర్ని అడగండి: ఏ మత్తు, ఏ బ్లాక్, ఎన్ని గంటలకు నిలబడతాను? మీరు వాడే మందుల లిస్టు చేతికివ్వండి. గురక ఉంటే దాచకండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రి ఉచితంగానే ఏర్పాటు చేయాలి. మొహమాటపడొద్దు, కాలు మనది.