నకిలీ రివ్యూలను గుర్తుపట్టడం

అమ్మేవారే కొన్నవారిలా రాసుకునే పొగడ్తలు, డబ్బిచ్చి రాయించే మెచ్చుకోళ్లు, పోటీ వ్యాపారి పనిగట్టుకుని రాయించే తిట్లు అన్నీ నకిలీ రివ్యూలే. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి, నిర్మల్ కొయ్యబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అలాంటి పేరున్న సరుకును ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు రివ్యూలను మరింత జాగ్రత్తగా చదవాలి. నిర్మల్ బొమ్మను నిజంగా కొన్నవారు పొనికి కర్ర తేలికదనం గురించో, రంగు నునుపు గురించో, దారిలో విరిగిన చెయ్యి గురించో రాస్తారు. డబ్బుకు రాసేవారు బొమ్మను చూసి ఉండరు కనుక ‘సూపర్, అందరూ కొనండి’ అని సరిపెడతారు. ఒకే రోజు కుప్పగా పడ్డవీ, ఒకే వాక్యం పదే పదే కనిపించేవీ అనుమానించదగ్గవి. ముందుగా మూడు నక్షత్రాల రివ్యూలు చూడడం మేలు. మంచీ చెడూ ఎక్కువగా అక్కడే కలిసి దొరుకుతాయి.

అమ్మకందారు వినియోగదారుడి వేషంలో రివ్యూ రాయడాన్ని 2020 ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి. రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. మోసపోయినవారు బిల్లు, రివ్యూల స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవారు ఢిల్లీలో ఉన్నా, కొన్నవారు తాముండే కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఫిర్యాదు చేయవచ్చు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజూ లేదు.

రివ్యూలు రాస్తే రోజూ డబ్బిస్తామంటూ ఫోన్‌కు వచ్చే సందేశాలు ఇంకా ప్రమాదకరం. మొదట కొంత ఇచ్చి, తర్వాత డిపాజిట్ పేరుతో పెద్ద మొత్తాలు లాగుతారు. అలా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.