పాత రేంజర్‌కి ఏ ఆయిల్ పోయాలి?

(ఎపిసోడ్ పాఠం. వినే వీలులేనివాళ్ల కోసం మాట్లాడింది మాట్లాడినట్టే ఇస్తున్నాం, తడబాట్లు మాత్రం తీసేశాం.)

ఎడిసన్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం ఒక శ్రోత పంపిన ప్రశ్న తీసుకుందాం. ఆయన వారాంతాల్లో క్యాటరింగ్ చేస్తారు. ఆ పనికోసం 2003 ఫోర్డ్ రేంజర్ పికప్ కొన్నారు, 4.0 లీటర్ వీ6 ఇంజన్ది. లక్షా అరవై వేల మైళ్లు తిరిగేసింది. మాన్యువల్ 5డబ్ల్యూ-30 ఆయిల్ పొయ్యమంటోంది. తెలిసినవాళ్లేమో బండి పాతబడింది కదా, చిక్కటిది పొయ్యి, 20డబ్ల్యూ-50 అయితే ఇంజన్ మెత్తగా నడుస్తుంది అంటున్నారట. ఎవరి మాట వినాలి?

చిన్న ప్రశ్నే అనిపిస్తుంది. కానీ ఇంత పాత బండిలో ఇంజన్ పోతే, బాగుచేయించే ఖర్చు బండి ధరనే దాటిపోతుంది. ఆయన వ్యాపారం నడిచేది ఆ బండి మీదే.

ఇంకో మాట. ఆ బండి మన ఊరి బిడ్డే అయ్యుండొచ్చు. రూట్ 1 పక్కన ఇప్పుడు టాప్‌గోల్ఫ్ ఉంది చూశారూ, అక్కడ ఒకప్పుడు ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉండేది. 1948లో మొదలై 2004 ఫిబ్రవరిలో మూతపడింది. చివరి ఏళ్లలో అక్కడ రేంజర్లే తయారయ్యేవి. మీ బండి విన్ నంబర్‌లో పదకొండో అక్షరం ఇంగ్లిష్ 'టీ' అయితే అది ఎడిసన్‌లో పుట్టిందన్నమాట. అలాంటివాటిలో అన్నిటికంటే చిన్నదానికి కూడా ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. అందుకే ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే అనుకోను.

సరే, డబ్బా మీద ఉన్న ఆ రెండు అంకెల సంగతి చూద్దాం. బెల్లం పాకం తెలుసు కదా? పొయ్యి మీద ఉన్నప్పుడు పల్చగా జారుతుంది, దించి చల్లారనిస్తే గరిటె కూడా కదలదు. ఆయిల్ కూడా అంతే. 'డబ్ల్యూ' అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత కదులుతుందో చెబుతుంది, ఎంత చిన్నదైతే చలికి అంత నయం. తర్వాతి అంకె ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 సెల్సియస్ దగ్గర ఇంజన్ తిప్పగలదా అని పరీక్షిస్తారు. 15డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 20 దగ్గర. 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గరే. రెండో అంకెకి వస్తే, 100 డిగ్రీల వేడిలో 30 నంబర్ ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. 40 నంబర్‌ది 12.5 నుంచి 16.3 లోపు. 50 నంబర్‌ది 16.3 నుంచి 21.9 లోపు.

మరి మనవాళ్లకి 20డబ్ల్యూ మీద అంత మమకారం ఎందుకు? అక్కడ చూసిందీ వాడిందీ అదే కాబట్టి. మోటార్‌సైకిల్‌కి 20డబ్ల్యూ-40, పాత కార్లకి 20డబ్ల్యూ-50. బెజవాడలో జనవరి తెల్లవారుజామున కూడా పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. అక్కడ మొదటి అంకె ఎంతున్నా పెద్ద తేడా పడదు. ఇక్కడ అలా కాదండీ. 2016 ఫిబ్రవరి 14న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో మైనస్ 18 సెల్సియస్ నమోదైంది. అలాంటి ఉదయం డ్రైవ్‌వేలో ఉన్న బండిలో 20డబ్ల్యూ ఉంటే, దాన్ని పరీక్షించిన చలికంటే కిందికి దిగిపోయినట్టే.

ఇంజన్ వేడెక్కాక మాత్రం ఎడిసన్ అయినా బెజవాడ అయినా లోపల వేడిలో అంత తేడా ఉండదు, థర్మోస్టాట్ దాన్ని ఒక స్థాయిలో పట్టి ఉంచుతుంది. అందుకే నేను ఇలా గుర్తుపెట్టుకుంటాను: మొదటి అంకె ఊరిది, రెండోది ఇంజన్ది. బండి వయసుని మొదటి అంకెలో కలపకూడదు.

ఈ 4.0 ఇంజన్‌కి ఇది మరీ ముఖ్యం. ఇందులో టైమింగ్ చెయిన్లని బిగించి ఉంచే టెన్షనర్లు ఆయిల్ ఒత్తిడి మీదే పనిచేస్తాయి. చలిలో ఆయిల్ పైకి ఎక్కడం ఆలస్యమైతే చెయిన్ వదులుగా కొట్టుకుంటూ ప్లాస్టిక్ గైడ్లని తినేస్తుంది. ఒక చెయిన్ ఇంజన్ వెనకవైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజన్‌నో గేర్‌బాక్స్‌నో దించాల్సిందే. చప్పుడు తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోస్తే, చలికాలంలో ఆ చప్పుడుకే ఎదురు డబ్బిచ్చినట్టవుతుంది.

3.0 వీ6 ఉన్నవాళ్ల కథ కొంచెం వేరు. 1990లలో ఆ ఇంజన్‌కి ఫోర్డ్ 5డబ్ల్యూ-30 చెప్పేది. తర్వాతి మోడళ్లకి 5డబ్ల్యూ-20 అంది. పల్చటి ఆయిల్ పెట్రోల్ ఖర్చు కాస్త తగ్గిస్తుంది, ఆ మార్పుకి అదొక ముఖ్య కారణం. అంటే ఆ ఇంజన్ రెండిటితోనూ బతికింది. పాతబడ్డాక 20 నుంచి 30కి ఒక మెట్టు ఎక్కితే కొంప మునగదు. ఒకేసారి 50కి దూకడం మాత్రం వేరే సంగతి.

ఇక్కడ మాట వల్ల వచ్చే చిక్కొకటి ఉంది. మనకి ట్రక్ అంటే లారీ. అమెరికాలో పికప్ కూడా ట్రక్కే. షాపులో పెద్ద డబ్బా మీద ట్రక్ బొమ్మ, 15డబ్ల్యూ-40 అని చూసి, ఇది మన బండికే అనుకుంటాం. అది ఎక్కువగా డీజిల్ ఇంజన్ల ఆయిల్. డబ్బా వెనక ఏపీఐ గుండ్రటి ముద్ర చూడండి. పెట్రోల్ ఇంజన్‌కి 2020లో వచ్చిన 'ఎస్‌పీ' ఉంటే చాలు. 'సీకే-4' మాత్రమే ఉంటే అది డీజిల్ వాళ్లది.

మరి చిక్కటి ఆయిల్ ఎప్పుడూ అక్కర్లేదా? అక్కర ఉండొచ్చు. కానీ కొలిచాకే. ఆ కాలపు రేంజర్లలో డ్యాష్‌బోర్డ్ మీద ఆయిల్ ప్రెషర్ ముల్లు ఉంటుంది కదా, అది నిజానికి కొలవదు. ఒత్తిడి ఆరేడు పీఎస్‌ఐ దాటితే చాలు, హాయిగా మధ్యలో నిలబడుతుంది. దాన్ని నమ్మొద్దు. విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని మెకానికల్ గేజ్ అరువిస్తారు. బండి బాగా వేడెక్కాక దాన్ని తగిలించి చూడండి. మెకానిక్‌ల మోటు లెక్క ఏంటంటే, ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి పది పీఎస్‌ఐ ఉండాలి. అంత ఉంటే, మీ ఇంజన్‌కి మాన్యువల్ చెప్పిన ఆయిల్ సరిపోతోందన్నట్టే.

ఆయిల్ తాగుతోందా? మైళ్లు రాసుకుంటూ పెట్రోల్ పోయించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడండి. వెయ్యి మైళ్లకి క్వార్ట్ దాకా పోతుంటే ముందు పీసీవీ వాల్వ్ మార్చండి, చవకైన పని. తర్వాత అదే 5డబ్ల్యూ-30లో హై మైలేజ్ రకం వాడండి. 75,000 మైళ్లు దాటిన బండ్ల కోసమే అమ్ముతారు, గట్టిపడ్డ సీళ్లని మెత్తబరిచే మందు కలిపి ఉంటుంది. అప్పటికీ ఒత్తిడి చాలకపోతే 5డబ్ల్యూ-40కి వెళ్లండి. గమనించారా, 5 అలాగే ఉంది. మారింది రెండో అంకే.

ఒకటి మాత్రం చెప్పాలి. చిక్కటి ఆయిల్ అరిగిన బేరింగ్‌ని బాగుచేయదు. జ్వరమొచ్చినవాడికి దుప్పటి కప్పినట్టు, వణుకు కనిపించదు, జ్వరం ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్లు కొందరు చప్పుడు దాచడానికి ఇదే చేస్తారు. కొనేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించి వినండి. ఏ ఆయిల్ పోశారో అడగండి.

కాబట్టి మన శ్రోతకి నా జవాబు: ఇప్పటికి 5డబ్ల్యూ-30 హై మైలేజ్ పొయ్యండి, 20డబ్ల్యూ-50 డబ్బా షాపులోనే ఉండనివ్వండి. గేజ్ పెట్టి చూసి, వచ్చిన అంకె నాకు రాయండి. చలి ముదరకముందే ఆ పని చేయండి. ఉంటానండీ, వచ్చేవారం కలుద్దాం.