కాంటా ఎవరి చేతిలో ఉంది? – కథ చెప్పడంలో తొలి పాఠాలు

(ఉమ్రిలో తెలుగు కార్యకర్తల రచనా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామందికి రాయడం కొత్త కాదు. అర్జీలు రాస్తారు, నివేదికలు రాస్తారు, సంఘం తీర్మానాలు రాస్తారు. అర్జీకి అలవాటుపడిన చెయ్యి కథను కూడా అర్జీలాగే మొదలుపెడుతుంది: "ఫలానా గ్రామంలో కూలీలు దోపిడీకి గురవుతున్నారు." మాట నిజమే, కానీ విన్నవారికి ఒక్క ముఖమూ కనబడదు. ఆ ముఖం కనబడేలా ఎలా చెప్పాలన్నదే ఈ రోజు మన పాఠం.

కథకు కావలసినవి నాలుగే. ఒక మనిషి. ఆ మనిషికి కావలసినది ఒకటి. దానికి అడ్డం వచ్చినది ఒకటి. చివరికి మారినది ఒకటి. ఇది పత్తి పండే ప్రాంతం కాబట్టి పత్తి చేను మీదే ఒక ఉదాహరణ అల్లుకుందాం. పత్తి ఏరినందుకు కిలోల లెక్కన కూలి ఇస్తారని మీకు తెలుసు. ఒకామెకు కూతురి బస్సు పాసుకు డబ్బులు కావాలి. పొద్దంతా ఏరి, సాయంత్రం మూట తెచ్చి కాంటాకు తగిలించింది.

"ఎంత తూగింది పటేలా?"

"ముప్పై నాలుగు."

"నిన్న ఇంతే మూట నలభై తూగింది గద."

"నిన్న మంచుకు తడిసిన పత్తి. ఇయ్యాల ఎండింది. జరుగు, వెనక మంది ఉన్నరు."

మర్నాడు ఆమె వెంట ఇంకో నలుగురు వచ్చారు. వాళ్లలో ఒకరి చేతిలో సొంత కాంటా ఉంది.

ఇంతే కథ. దోపిడీ అనే మాట ఇందులో ఎక్కడా లేదు, అయినా మీకు అందింది. ఎలా అందిందో చూడండి. ఎనిమిది గంటల పనిని "పొద్దంతా ఏరి" అని రెండు మాటల్లో దాటేశాం. తూకం వేసిన అర నిమిషానికి నాలుగు మాటల సంభాషణ ఇచ్చాం. గడియారంలో కాలం వేరు, కథలో కాలం వేరు. మలుపు లేనిచోట నడిచిపోవాలి, మలుపు ఉన్నచోట ఆగాలి. ఆగినచోట మనుషులు వాళ్ల నోటి భాషలోనే మాట్లాడాలి. ఇక్కడ మన పిల్లలకు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. పటేలు మరాఠీలో కసిరితే మరాఠీలోనే కసరనివ్వండి. రెండు భాషల మధ్య నలిగిపోవడం కూడా ఆమె కథలో భాగమే.

ఇంకొకటి, బాధను మోసే వస్తువును పట్టుకోండి. మన ఉదాహరణలో అది కాంటా. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు ఏం చేశారో గుర్తు చేసుకోండి. అంటరానితనం తప్పు అని ఉపన్యసించడానికి ఆయనకు పద్యాలు చాలవా? కానీ ఆయన ఒక గబ్బిలాన్ని ఎంచుకున్నారు. గుడిలోకి గబ్బిలం పోగలదు, మనిషి పోలేడు. అందుకే ఆ మనిషి తన మొరను శివుడికి చేర్చమని గబ్బిలాన్ని అడుగుతాడు. ఆ ఒక్క ఎంపికలోనే అన్యాయం మొత్తం కళ్లకు కడుతుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్న. దీనికి మనం కూర్చున్న ఈ ఊరే పాఠం చెబుతుంది. 1948 జనవరి 30న ఉమ్రిలో బ్యాంకు దాడి జరిగింది. నాందేడ్ జిల్లా అప్పుడు నిజాం హైదరాబాద్ సంస్థానంలో ఉంది. సంస్థాన విమోచన కోసం పోరాడుతున్నవారు ఇక్కడి బ్యాంకు నుంచి సుమారు 20 లక్షల రూపాయలు ఉద్యమం కోసం తీసుకువెళ్లారు. అదే రోజు సాయంత్రం ఢిల్లీలో గాంధీజీని కాల్చి చంపారు.

దీన్ని 1947 ఆగస్టు 15తో మొదలుపెడితే, దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా తమకు రాని ప్రజల కథ అవుతుంది. బ్యాంకు తలుపు దగ్గర మొదలుపెడితే సాహసగాథ అవుతుంది. ముగింపు కూడా అంతే. సంస్థానం లొంగిపోయిన 1948 సెప్టెంబర్ 17న ఆపితే గెలుపు కథ. ఆ జనవరి సాయంత్రం దగ్గరే ఆపితే, తుపాకి పట్టిన చేతులూ తుపాకికి బలైన అహింసావాదీ ఒకే రోజున ఎదురెదురుగా నిలబడతారు. వినేవాళ్లు ఆలోచనలో పడతారు. జరిగిన సంగతులు ఒకటే, మొదలూ చివరా మారితే అర్థం మారుతుంది. కాబట్టి "ఇక్కడే ఎందుకు మొదలుపెట్టాను?" అని మిమ్మల్ని మీరు అడగండి. "ఎవరి కళ్లతో చూస్తున్నాను?" అని కూడా అడగండి. దాడి చేసినవారి కళ్లతోనా, ఆ రోజు బ్యాంకులో డ్యూటీలో ఉన్న చిన్న ఉద్యోగి కళ్లతోనా?

కళ్ల సంగతి వచ్చింది కాబట్టి మనందరికీ తెలిసిన కథ ఒకటి చెబుతాను. దావీదు రాజు ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో చంపించాడు. నాతాను ప్రవక్త రాజు ముందుకు వెళ్లి నేరారోపణ చదవలేదు. పేదవాడికి ఉన్న ఒక్కగానొక్క గొర్రెపిల్ల కథ చెప్పాడు. అది అతని కంచంలో తిని, అతని ఒడిలో పడుకునేది. ధనవంతుడు తన మందను ముట్టుకోకుండా దాన్నే పట్టుకుపోయాడు. రాజుకు కోపం వచ్చింది, తీర్పు చెప్పాడు. ఆ తర్వాతే ఆ మనిషి ఎవరో నాతాను చెప్పాడు. తీర్పు వినేవారికి వదిలిపెట్టడం అంటే ఇదే. నీతిని మనమే ముందు చెప్పేస్తే వినేవారికి చేయడానికి పనేమీ మిగలదు.

అయితే ఆ కథలో బత్షెబ ఎక్కడ ఉంది? ఆమె గొర్రెపిల్ల అయింది. గొర్రెపిల్లకు నోరు లేదు. రాజును కదిలించడానికి ఆ కథ సరిపోయింది కానీ, ఆమెకు ఏం జరిగిందో ఆమె మాటల్లో మనకు అందలేదు. మనం రాసే కథలకు ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. పేదల పక్షాన నిలబడుతూనే పేదలను నోరులేనివారిగా చేస్తాం. కన్నీళ్లు రాస్తాం, వాళ్ల తెలివిని రాయం. ఏరిన ఆమె ఏడ్చిందని మాత్రమే రాస్తే, మర్నాడు కాంటా వచ్చిన సంగతి పోతుంది. ఆమె కథలో మిగలాల్సింది ఆ కాంటాయే.

అందుకే మూడు నియమాలు పెట్టుకుందాం. మొదటిది, కథ ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకోండి. పేరు బయటపడితే పని పోయేది, దెబ్బలు పడేది వాళ్లకే, మనకు కాదు. పేరు మార్చమంటే మార్చండి. రెండోది, చూసినదాన్ని చూసినట్టు, విన్నదాన్ని విన్నట్టు రాయండి. లేని ఏడుపును కలపకండి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ కాంటా మీద తేలిపోతాయి. మూడోది, రాసింది ముందు వాళ్లకే చదివి వినిపించండి.

ఈ మూడోదానికి మన బుర్రకథే ఆదర్శం. మధ్యలో ఉన్న కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. ఒక పక్క హాస్యం చెప్పే వంత ప్రశ్నిస్తాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత కథను నేటి సంగతులకు ముడిపెడతాడు. మీరు చదువుతుంటే "అట్ల కాదక్కా, నేను అన్నది వేరే" అని ఆమె అడ్డం వస్తే సంతోషించండి. ఆ దిద్దుబాటు దగ్గరే కథకు ప్రాణం వస్తుంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ప్రతి ఒక్కరూ ఒక్క పేజీ రాయండి. ఒక మనిషి, ఒక కోరిక, ఒక అడ్డం, ఒక మార్పు. దోపిడీ, వివక్ష, అణచివేత అనే మాటలు వాడకుండా అవి కనబడేలా రాయండి. సాయంత్రం అందరం కలిసి విందాం.